నిగమశర్మకు దక్కిన ఫలం

ఒక పుస్తకానికి దక్కిన ఆదరణకు ఆ పుస్తకం తగినదేనా అన్న ప్రశ్న పైకి సాహిత్య విమర్శకు చెందినట్టు కనిపించినా దాని వేళ్ళు ధర్మచింతనలో ఉన్నాయి. ఎందుకంటే ‘అర్హత’ అన్న మాట వాడగానే, చేసిన పనికీ అందిన ఫలానికీ నడుమ న్యాయమైన లంకె ఒకటి ఉండి తీరాలని ఒప్పుకున్నట్టవుతుంది. కర్మసిద్ధాంతం ఆ లంకె ఈ జన్మలో కనబడకపోతే మరో జన్మకు వాయిదా వేస్తుందే గాని తెంచదు. పుస్తకాల అంగడికి అంత ఓపిక లేదు. డిటెక్టివ్ నవలలూ, వారపత్రికల సీరియళ్ళూ, అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు చిరిగి మళ్ళీ కుట్టించుకున్న ప్రేమకథలూ చేతులు మారుతూ ఉంటే, పండితులు వాటిని ‘కాలక్షేపం’ అన్న ఒక్క మాటతో పక్కకు నెట్టారు. ఆ మాట ఎంపికలో ఒక తమాషా లేకపోలేదు. హరికథా కాలక్షేపం అన్నప్పుడు అదే మాట పుణ్యకార్యాన్ని చెబుతుంది. శ్రీవైష్ణవ సంప్రదాయంలోనైతే గురువు ఎదుట కూర్చుని మతగ్రంథాలు అధ్యయనం చేయడానికే కాలక్షేపమని పేరు.

అర్హతకూ ఫలానికీ లంకె తెగిపోయిన సందర్భాన్ని తెలుగు కావ్యాల్లో అందరికంటే హాయిగా చెప్పినవాడు తెనాలి రామకృష్ణుడు. ఆయన పాండురంగ మాహాత్మ్యంలోని నిగమశర్మ వేదం చదివిన ఇంటి బిడ్డే అయినా తండ్రి ఆస్తి తగలేస్తాడు; బుద్ధి చెప్పడానికి అత్తవారింటి నుంచి వచ్చిన అక్క మాటకు లొంగినట్టే నటించి, ఒక రాత్రి ఇంట్లోని నగలన్నీ మూటగట్టుకుని ఉడాయిస్తాడు; తెల్లవారాక ఆ అక్క కొత్తగా చేయించుకున్న తన ముక్కర పోయిందని ఏడుస్తుంది. అటువంటివాడు చివరికి నరసింహ క్షేత్రంలో ప్రాణం విడిచిన కారణాన, విష్ణుదూతలు యమభటులతో వాదులాడి మరీ అతణ్ణి తమ వెంట తీసుకుపోతారు. క్షేత్రమాహాత్మ్యం, అంటే స్థలానికి ఉన్న మహిమ, మనిషి యోగ్యతను లెక్కలోకి తీసుకోదు. వ్యాపార నవల విజయాన్ని మెచ్చుకునేవారూ, నిందించేవారూ కూడా ఆ విజయాన్ని రచయిత పుణ్యమో పాపమో అన్నట్టు కర్మ భాషలోనే మాట్లాడతారు గాని, నిజానికి అది క్షేత్రమాహాత్మ్యానికి ఎక్కువ దగ్గర. కొత్తగా చదువు నేర్చిన తరం, చవకైన కాగితం, వారం వారం ఊరికి చేరే పత్రికల కట్ట, ఇంటిపని ముగిశాక మిగిలిన మధ్యాహ్నం, ఇవన్నీ కలిసిన చోట ఏ కథ పడిందో దానికి ఫలం దక్కింది. అది కథలో ఏమీ లేదనడానికీ, ఎంతో ఉందనడానికీ సాక్ష్యం కాజాలదు.

ఆ కవి పేరుకు పట్టిన గతి చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. పాండురంగ మాహాత్మ్యాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవారు ఏ తరంలోనూ కొద్దిమందే. కాగా పిల్లికి వేడిపాలు పోసి భయపెట్టిన తెనాలి రామలింగడు దేశమంతటా తెలిసినవాడు. ఆ చాటుకథలకు ఒక రచయిత లేడు, నమ్మదగిన చరిత్ర లేదు, నోటినుంచి నోటికీ చవక పుస్తకాలనుంచి బొమ్మల పుస్తకాలకీ పాకుతూ వచ్చిన అచ్చమైన జనరంజక సాహిత్యం అది. తెనాలి అన్న పేరును లోకానికి మోసుకుపోయింది ఆ కథలే గనుక, తెనాలిలో నిలబడి జనరంజక సాహిత్యాన్ని తక్కువ చేయడం కొంచెం కృతఘ్నతే అవుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు తెనాలిలో ఉన్నతమైన రచన, కాలక్షేపపు రచన అన్న గీత ఒక్క కుటుంబంలోపలే చెరిగిపోయి కనిపిస్తుంది. కొమ్మూరి వారింట పుట్టి, మాతామహుడి దత్తతతో గుడిపాటి వారైన చలం, తెలుగు వచనాన్నీ, తెలుగు నీతినీ కూడా కుదిపినవారు. ఆయన తమ్ముడి కొడుకు, 1926లో తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు, యుగంధర్ అనే డిటెక్టివ్‌నూ, రాజు అనే అతని అసిస్టెంటునూ సృష్టించి పదుల కొద్దీ అపరాధ పరిశోధక నవలలు రాశారు. సాంబశివరావు సోదరి వరూధిని, తెనాలిలోనే 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు భార్య. ఆ కుటుంబరావు మధ్యతరగతి జీవితాన్ని కత్తికోతలాంటి వచనంలో చెప్పిన నవలాకారులే కాక, 1952 నుంచి 1980లో మరణించేదాకా, తెనాలివారే అయిన చక్రపాణి నాగిరెడ్డితో కలిసి 1947లో ప్రారంభించిన ‘చందమామ’కు కలం అరగదీసినవారు కూడా. పాఠకుల సంగతీ అంతే: చలం పుస్తకాన్ని దాచుకుని చదివిన దిండు కిందనే యుగంధర్ కూడా దాక్కున్నాడు. పెద్దల దృష్టిలో రెండూ చెడగొట్టే పుస్తకాలే. ఒకటి క్లాసిక్ అయింది, రెండోది అద్దె షాపులో అరిగిపోయింది.

అయినా అన్నీ ఒకటేనని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి శ్రేయస్సు, ప్రేయస్సు అని రెండు దారులు చూపుతాడు: శ్రేయస్సు అంటే మేలు చేసేది, ప్రేయస్సు అంటే ప్రియంగా ఉండేది, రెండూ మనిషి ముందుకు వచ్చి నిలబడతాయి, వివేకి మొదటిదాన్ని ఎంచుకుంటాడు. సీరియల్ నవలను తిట్టేవారి వాదనకు ఇదే పునాది. కానీ కావ్యశాస్త్రం ఈ విభజనను యథాతథంగా ఒప్పుకోలేదు. పదకొండో శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రయోజనాలు ఆరింటిని లెక్కపెడుతూ కీర్తి తరువాత రెండో స్థానం ధనానికే ఇచ్చాడు. ఉపదేశం చిట్టచివర వస్తుంది, అదీ ప్రియురాలు చెప్పినట్టు మెత్తగా ఉండాలన్న షరతుతో. మెతుకుసీమ నుంచి వచ్చిన కోలాచల మల్లినాథసూరి రఘువంశ వ్యాఖ్య మొదట్లోనే ఈ ఆరింటిని తలచుకుని, కావ్యాలు చదవరాదన్న స్మృతినిషేధం ఒకటుంది కదా అన్న శంకకు, అది చెడ్డ కావ్యాల గురించి మాత్రమేనని తేల్చేశాడు. దశరూపకం రాసిన ధనంజయుడైతే, రసానందం ఒలికే నాటకాల నుంచి కూడా చదువే వస్తుందనుకునే అల్పబుద్ధికి ఎగతాళిగా ఒక నమస్కారం పెట్టాడు. డబ్బు కోసం రాయడం, ఆనందం కోసం చదవడం అనేవి రెండూ ఈ సంప్రదాయంలో దోషాలు కావు. మల్లినాథుడు మిగిల్చి వెళ్ళిన చిక్కల్లా ఒక్కటే: చెడ్డ కావ్యాన్ని గుర్తుపట్టేది ఎలా?

దానికి అన్నిటికంటే కఠినమైన కొలబద్ద బౌద్ధంలో దొరుకుతుంది. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలుమార్గంలో ఉన్న భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో బయటపడిన, బ్రాహ్మీ లిపిలో అక్షరాలు చెక్కిన ధాతుపేటికలు ఆ ధర్మం ఈ నేలలో ఎంత పాతదో చెబుతాయి. పాలి సంయుత్త నికాయంలో తాలపుటుడనే నటుల నాయకుడు బుద్ధుణ్ణి సమీపించి, రంగస్థలం మీద నిజంతోనూ అబద్ధంతోనూ జనాన్ని నవ్వించి మెప్పించే నటుడు మరణించాక నవ్వే దేవతల లోకంలో పుడతాడని తమ పూర్వాచార్యులు చెబుతారు, నిజమేనా అని అడుగుతాడు. ఆ ప్రశ్న వదిలెయ్యమని బుద్ధుడు మళ్ళీ మళ్ళీ వారించినా అతను వినడు. చివరికి వచ్చిన జవాబు ఇది: జనం మొదటే రాగద్వేషమోహాలతో కట్టుబడి ఉన్నారు, నటుడు ఆ మూడింటినీ ఇంకా పెంచే సరుకే వారి ముందు పోగుచేస్తాడు, తాను మత్తులో ఉండి ఇతరులనూ మత్తులోకి దించుతాడు, కనుక అతని గతి నవ్వు పేరుతోనే ఉన్న నరకం. తాలపుటుడు ఏడుస్తాడు, నరకం గురించి విన్నందుకు కాదట, ఇన్నాళ్ళూ పూర్వాచార్యులు తనను మోసగించినందుకు. తరువాత అతను భిక్షువై అర్హంతుడయ్యాడు. థేరగాథల్లో అతని పేరు మీద ఉన్న సుదీర్ఘ రచన అతను తన మనసుతో తాను చేసిన సంభాషణ.

ఈ ఆరోపణను వ్యాపార నవల మీద నిజాయితీగా మోపి చూడవలసిందే. వారపత్రిక సీరియల్లో ఒక భాగం ఎలా ముగుస్తుందో గమనిస్తే చాలు: తలుపు మెల్లగా తెరుచుకుంటుంది, లోపలి దృశ్యం చూసి ఆమె కెవ్వుమంటుంది, ఏం చూసిందో చెప్పకుండా ‘సశేషం’ అన్న మాట పడుతుంది. అభినవగుప్తుడు రసానుభవాన్ని విశ్రాంతి అన్నాడు, అంటే మనసు ఎక్కడికీ పరుగెత్తక తనలో తాను నిలిచిన స్థితి; ‘సశేషం’ ఆ విశ్రాంతిని వారం వారం వాయిదా వేసి, బౌద్ధులు తృష్ణ అనే దాహాన్నే అమ్ముతుంది. ఈ మేరకు తాలపుటుడి శిక్ష సీరియల్‌కు తగులుతుంది. కానీ పూర్తయిన అపరాధ పరిశోధక నవల వేరే పని చేస్తుంది. భయం, అనుమానం, ద్వేషం రేపిన ఆ నవలే చివరి అధ్యాయంలో వాటికి జవాబుదారీ వహిస్తుంది: దయ్యమనుకున్నది తెల్లగుడ్డ కప్పుకున్న మనిషి అవుతుంది, శాపమనుకున్నది వీలునామా తగాదా అవుతుంది, ప్రతి అడుగుజాడకూ కారణం దొరుకుతుంది. దయ్యమే హంతకురాలని చివర తేల్చిన డిటెక్టివ్ నవలను పాఠకుడు గోడకేసి కొడతాడు. చిన్నదైనా ఇది మోహాన్ని తగ్గించే పనే. 1980ల తొలినాళ్ళలో క్షుద్రవిద్యను కథావస్తువుగా తీసుకుని యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ‘తులసిదళం’ మీద రంగనాయకమ్మ ఏకంగా ఒక విమర్శ గ్రంథమే రాయడం వెనకా ఈ కొలతే ఉంది: రేపిన భయాన్ని పుస్తకం చల్లార్చి పంపుతుందా, పాఠకుడి ఇంట్లో వదిలిపెట్టి వెళుతుందా?

నటుణ్ణి నరకానికి పంపిన ధర్మమే 547 జాతక కథలను భద్రపరుచుకుందన్నది మరవరాదు. కోతులూ, తాబేళ్ళూ, దొంగలూ, గయ్యాళి భార్యలూ నిండిన ఆ కథలు నిస్సందేహంగా జనం కథలే. ప్రతి జాతకం చివరా, ఆనాటి కోతి ఫలానావాడు, ఆనాటి మొసలి ఫలానావాడు అని కథలోని పాత్రలను ఎదురుగా ఉన్న మనుషులతో జతపరిచే భాగం ఉంటుంది. దాన్ని సమోధానమంటారు, కలిపి చూపడమని అర్థం. ‘చందమామ’లో తోకచుక్కలూ, మకరదేవతలూ, పాతాళదుర్గాలూ కల్పించిన దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు రచయిత పేరు లేకుండానే అచ్చయ్యాయి. తెనాలి ప్రాంతం నుంచే వెళ్ళిన ఆయన పేరు, ఆ కథల కోసం నెల నెలా పోస్టుమాన్ దారి కాచిన పిల్లల్లో చాలామందికి ముసలితనంలో గాని తెలియలేదు. ఫలం మీద హక్కు వదిలి పని చేయడమన్న గీతోపదేశానికి నాస్తిక భావాలున్న ఒక మనిషి ఉద్యోగధర్మంగా ఉదాహరణ కావడం, చరిత్ర ఆడే వేళాకోళాల్లో ఒకటి.

ఫలం అందని మనిషి కూడా తెనాలిలోనే ఉన్నాడు. పుదుక్కోటలో పుట్టిన తమిళుడు నటరాజన్ 1937లో బాలుడిగా తెనాలి వచ్చి, హోటళ్ళలో సర్వరుగా పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, ‘శారద’ పేరుతో ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ వంటి నవలలు రాసి, మూర్ఛ వ్యాధితో, దరిద్రంతో 1955లో, ముప్పై రెండేళ్ళయినా నిండకుండా కన్నుమూశాడు. ఈయనకు అందనిదే కొమ్మూరికి అందిందని వాపోవడం సులువు. కాని ఆ లెక్క తప్పు. డిటెక్టివ్ నవల కొన్నవాడు ఆ డబ్బుతో లేకపోతే శారద పుస్తకం కొనేవాడన్న హామీ ఏమీ లేదు. శారదకు జరిగింది అన్యాయమే, అయితే ఆ అన్యాయానికి దోషిగా నిలబెట్టవలసింది కాలక్షేపపు పాఠకుణ్ణి కాదు.

ఆ పాఠకుణ్ణి నిజంగా నిలదీయవలసిన చోటు బాపట్ల దగ్గర ఉంది. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన ఆ పట్నానికి కూతవేటు దూరంలో, దాదాపు అదే కాలంలో, నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చిపెట్టి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఒక సెటిల్‌మెంటు వెలసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద అది స్టువర్టుపురమైంది. పుట్టుకతోనే మనుషులను దొంగలుగా నమోదుచేసి హాజరు వేయించుకున్న ఆ చట్టం 1952లో రద్దయింది. జాషువా కుమార్తె హేమలతా లవణం వంటివారు అక్కడ ఏళ్ళ తరబడి పనిచేశారు. అయినా చట్టం వదిలిన పేరును కథలు వదలలేదు: పోలీస్ స్టేషనుతో కలిపి ఆ ఊరి పేరే శీర్షికగా నవలా, 1991లో సినిమా వచ్చాయి, 2023లో ఆ ఊరి కథతోనే వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’ సినిమా విడుదలకు ముందు అభ్యంతరాలు హైకోర్టు దాకా వెళ్ళాయి.

ఇక్కడ నిగమశర్మను మళ్ళీ పిలవవలసి వస్తుంది. అతను బ్రాహ్మణుడు, సొంత అక్క ముక్కర దొంగిలించాడు. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడూ బ్రాహ్మణుడే. కథానాయకుడు చారుదత్తుడి గోడకు ఏ ఆకారంలో కన్నం వేస్తే అందంగా ఉంటుందో ఆలోచించి, కొలతాడు మరిచిపోయినందుకు తన జందెంతోనే కొలుస్తాడు. ఇద్దరూ శతాబ్దాలుగా పాఠకులను నవ్విస్తూ వచ్చారు గాని, వారి వల్ల ఏ అగ్రహారం మీదా దొంగల ఊరన్న ముద్ర పడలేదు, ఏ పిల్లవాడూ బడిలో తన ఊరి పేరు చెప్పడానికి జంకలేదు. కల్పనలోని దొంగ ఒక మనిషిగా మిగిలితే అతని దొంగతనం అతనితోనే పోతుంది, ఒక ఊరిగా మారితే అక్కడ పుట్టినవారందరి నెత్తినా పడుతుంది. తాలపుటుడితో మాట్లాడిన బుద్ధుడు ప్రేక్షకుడికి జరిగే హానిని చెప్పాడు; ప్రేక్షకుడి ఆనందానికి ధర చెల్లించే మూడో మనిషి, పుస్తకం కొననివాడు, ఆ సంభాషణలో లేడు. పుస్తకానికి గౌరవం ఇవ్వాలా వద్దా అన్నది అమ్మకాల లెక్కతోనో అలంకారాల లెక్కతోనో తేలదు. ఆ మూడో మనిషి ముందు ఆ పుస్తకాన్ని పైకి చదవగలమా అన్నదానితో తేలుతుంది. యుగంధర్ నవలలను చాలామటుకు చదవవచ్చు. రామలింగడి కథలను ఎక్కడైనా చదవవచ్చు.

తెనాలిలో ఎక్కిన ప్రయాణికుడు బాపట్ల దాటేసరికి సాధారణంగా నాలుగైదు అధ్యాయాలు ముగిస్తాడు. ఆ తరువాత వచ్చే చిన్న స్టేషన్ పలక మీద స్టువర్టుపురం అని రాసి ఉంటుంది. ప్యాసింజరు బండి అక్కడ ఒక నిమిషం ఆగుతుంది, ఆ ఊరివారు సంచులతో ఎక్కి, చోటుంటే అతని పక్కనే కూర్చుంటారు.