సుద్దకొండ మీది గుఱ్ఱము

ఇంగ్లండు దేశమందు ఆక్స్‌ఫర్డ్‌షైర్ సీమలో, అఫింగ్టన్ గ్రామమునకు పైనున్న కొండవాలు మీద ఒక తెల్లని గుఱ్ఱము గలదు. పొడవు సుమారు 110 మీటర్లు. పచ్చికను తీసివేసి, కందకములు త్రవ్వి, వాటిలో సుద్దరాయి నలుగగొట్టి దట్టించి చేసిన రూపమది. 1990 దశాబ్దములో శాస్త్రజ్ఞులు ఆ కందకముల మట్టిని పరీక్షించి, దాని వయస్సు ఇంచుమించు మూడువేల యేండ్లని తేల్చిరి.

కాలినడకన దానిని చూడబోవు వారికి కొంత ఆశాభంగమే కలుగును. రిడ్జ్‌వే అను ప్రాచీనమైన బాట పట్టి సమీపించిన కొలది గుఱ్ఱము మాయమై, పచ్చికలో తెల్లని వంపులు మాత్రము మిగులును. రూపమంతయు చక్కగా కనబడునది ఆకాశము నుండియే. చేసిన వారు దానిని అట్లు ఎన్నడును చూచియుండరు.

అయినను విశేషము దాని వయస్సులో లేదు. కొన్ని యేండ్లు విడిచిపెట్టినయెడల పచ్చిక ఇరువైపుల నుండి ప్రాకి దానిని కప్పివేయును. కనుక ప్రతి తరములోను ఎవరో ఒకరు కొండయెక్కి, కలుపు తీసి, క్రొత్త సుద్ద దట్టించుచునే యుండవలెను. రాజులు మారిరి, భాష మారెను, క్రైస్తవ మతము వచ్చెను. పని మాత్రము ఆగలేదు. 1857లో జరిగిన శుభ్రపరచు ఉత్సవమును గూర్చి థామస్ హ్యూజ్ 1859లో ఒక గ్రంథమే ప్రకటించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున శత్రు విమానములకు గురుతు కాకుండునట్లు దానిని కప్పియుంచి, పిమ్మట తిరిగి వెలికితీసిరి. నేడును స్వచ్ఛంద సేవకులు సుత్తెలు పట్టి మోకాళ్లూని సుద్ద దంచుచున్నారు.

ఎందు నిమిత్తము? యొర్దాను నుండి ఎత్తిన పండ్రెండు రాళ్లను గూర్చి పిల్లలు అడిగినప్పుడు చెప్పుటకు తండ్రుల యొద్ద ఉత్తరముండెను. ఇచ్చట ఏ తండ్రికిని ఉత్తరము తెలియదు. అది గుఱ్ఱమా, మరియొక మృగమా అనియే వాదము గలదు. అర్థము మరచిపోయిన పనిని కొనసాగించుట విశ్వాస్యతయా, మూఢాచారమా?

డార్సెట్ సీమలోని సెర్న్ అబ్బాస్ కొండపై ఇంతకంటె చిక్కైన ఉదాహరణము గలదు. అచ్చట గద చేతబట్టిన 55 మీటర్ల దిగంబర పురుషుని రూపమున్నది. 2021లో వెల్లడియైన పరీక్షల ప్రకారము అది క్రీ.శ. 700–1100 మధ్యకాలపుది. ఆ బొమ్మను గూర్చి మనకు దొరకిన మొదటి వ్రాత ఎక్కడిదనగా, ఆ ఊరి దేవాలయపు లెక్కల పుస్తకములోనిది! 1694లో దానిని బాగుచేయుటకు సంఘపు పెద్దలు మూడు షిల్లింగులు ఖర్చు వ్రాసిరి. కానుకల సొమ్ము అట్టి పనికి వెచ్చింపవచ్చునా అని నేటి సంఘములలో అడుగువారు తప్పక యుందురు. అడుగుట న్యాయమే. కాని ఆ పెద్దలు దానికి మ్రొక్కినట్లు ఆ లెక్కలో లేదు; బాగుచేసిన పనికి కూలి చెల్లించినట్లు మాత్రమే యున్నది.

ఇట్టి విచారణకు ఇంగ్లండు పోనక్కరలేదు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ గల ఖరగ్‌పూర్‌లో, రైలు కొలువులకై తరతరములుగా వచ్చి స్థిరపడిన తెలుగువారి వాకిళ్లలో తెల్లవారుజామున ముగ్గులు కనబడును. చుక్కల లెక్క తల్లి నుండి కూతురికి వచ్చినది. ఆ చుక్కలు అన్నియే ఎందుకుండవలెనో తల్లికిని తెలియదు. ముగ్గు క్రైస్తవ గృహమునకు తగునా అను తర్కము మన కుటుంబములలో పాతదే. కొందరు దానిని పూర్తిగా మానివేసిరి. కొందరు క్రిస్మసు నాడు నక్షత్రము వేయుదురు. ఇరు పక్షములవారును గీతనే చూచి తీర్పు చెప్పుచున్నారు గాని, వేయు చేతిలో భయమున్నదో లేదో అడుగుట లేదు. ఒకనాడు మానినయెడల ఇంటికి కీడు వచ్చునని వణకుచు వేసినది సంకెలయే, అది నక్షత్రమైనను సరే. అఫింగ్టన్ కొండపై సుద్ద దంచువానికి అట్టి భయము లేదు. వాడు మానినయెడల కీడేమియు రాదు, గడ్డి వచ్చును. అంతమాత్రమునకే వాడు వేసవియెండలో కొండయెక్కుచున్నాడు.