ఐ.పి. పెట్టినవాని పరపతి

“ఐ.పి. పెట్టినాడు” అను మాట మన యిండ్లలో గొంతు తగ్గించి పలుకబడును. అది ఇన్సాల్వెన్సీ పిటిషనుకు పొట్టిపేరని యెరుగని ముసలమ్మలు సైతము దాని భావమును చక్కగా నెరుగుదురు: ఆ మనిషికి ఇక చేబదులు పుట్టదు. దివాలా తీసిన వర్తకుడు పూర్వము పట్టపగలే దుకాణము ముంగిట దీపము వెలిగించెడివాడని పెద్దలు చెప్పుదురు. దీపము పోయి పిటిషను వచ్చినది గాని, చూచువారి చూపు మారలేదు.

మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరములకు 1909లోను, మొఫస్సిలు ప్రాంతములకు 1920లోను ఇందుకై చట్టములు వెలసినవి. ఆస్తినంతయు కోర్టున కప్పగించి, ఋణదాతలకు పంచిన పిమ్మట, నిజాయితీపరుడైన ఋణగ్రస్తుని విడుదల చేయుట వాని పద్ధతి. 1920 నాటి చట్టము ప్రకారము, ఇంకను విడుదల పొందనివాడు తన స్థితిని దాచి 50 రూపాయలు అప్పు తెచ్చినను నేరమే. అనగా శాసనము కోరినది సత్యమును, సిగ్గును కాదు.

అయితే కోర్టు విడిచిన ఋణమును అంతరాత్మ విడుచునా? విడువవలసినదేనని కొందరందురు. వడ్డీ యనునది కొంతవరకు, సొమ్ము రాకపోవచ్చునను భయమునకు పుచ్చుకొను వెల. ఆ వెల ముందే పుచ్చుకొన్న బ్యాంకు గాని షావుకారు గాని తరువాత ధర్మపన్నములు చెప్పుట నా కంతగా నచ్చదు. కాని మనలో అప్పులన్నియు అట్టివి కావు. భార్య మెడలోని గొలుసు తీసి యిచ్చిన తోడల్లుడు వడ్డీ యడుగలేదు. పత్రముపై పూచీసంతకము చేసిన పొరుగువాడు కాఫీ తప్ప మరేమియు పుచ్చుకొనలేదు. విచిత్రమేమనగా, ఋణస్థుడు విడుదలైనను జామీనుదారు విడుదల కాడని అదే చట్టములోని 44వ సెక్షను చెప్పుచున్నది. అందరికంటె ఎక్కువ నమ్మినవాడే కడపట చిక్కుకొనును! ఆ యొక్కని ఋణము మాత్రము ఏ తీర్పుతోను తీరదని నా నిశ్చయము. తిరిగి నాలుగు రాళ్లు సంపాదించిన నాడు మొదట తట్టవలసిన తలుపు వానిది. కాలదోషము పట్టిన అప్పును సైతము తీర్తునని వ్రాసి సంతకము చేసిన చెల్లునని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే యొప్పుకొన్నది గదా.

దౌర్భాగ్యము వేరు, దగా వేరు. 1906లో మద్రాసున ఆర్బత్‌నాట్ కంపెనీ కూలి యెందరి పొదుపులో మట్టిగలిసినప్పుడు దాని యజమానికి జైలుశిక్ష పడినది. పంట పోయినవానిని, వైద్యమునకై అప్పుచేసినవానిని ఆ వరుసలో నిలుపుట అన్యాయము.

నేడు పరపతికి అంకెలు వచ్చినవి. సిబిల్ వారు 300 మొదలు 900 వరకు లెక్క వేయుదురు. బాకీలో కొంత వదలుకొని రాజీపడిన ఋణము పూర్తిగా తీరినదానివలె గాక వేరుగా నమోదగును. దానిని చూచి కొత్త అప్పు నిరాకరింపబడుటయు కలదు. అయినను క్రమముగా చెల్లించుచు పోయిన ఆ యంక మెల్లగా పెరుగును. మన జ్ఞాపకములో అట్టి పెరుగుదల కనబడదు. సొంత నేల విడిచి వచ్చి, నాలుగు వీధులలో అందరు నందరి నెరిగి బ్రదుకు చోట, పేరే పొలము, పేరే హామీపత్రము. కావున తాత పెట్టిన ఐ.పి. మనుమరాలి పెండ్లిమాటలలో సైతము వినవచ్చుచున్నది. ఆ పిల్ల యెవ్వరికి బాకీ?

విడుదలైనవానిని మరల మన చీటీలలో చేర్చుకొనవచ్చునా యని అడుగువారు గలరు. చేర్చుకొనవచ్చును. మొదటి చీటీలో అతడు కడపటి పాట వరకు ఆగుటకు ఒప్పుకొనిన చాలును. అంతవరకు అతడు ఇచ్చువాడే గాని పుచ్చుకొనువాడు కాడు. రెండవ చీటీనుండి అందరివలె పాడుకొననిండు.