మ్లేచ్ఛుడు గీసిన పటం

డాలస్ చుట్టుపక్కల సెస్నా 172 నడుపుకునే నాలాంటివాడు బయల్దేరే ముందు తేల్చుకోవాల్సింది, ఏ చార్టు చూడాలన్నది. పల్లెల మీదుగా పోతే సెక్షనల్ చాలు. దాని స్కేలు 1:5,00,000. డాలస్-ఫోర్ట్‌వర్త్ పెద్ద విమానాశ్రయం దాపుకొస్తే టెర్మినల్ ఏరియా చార్టు తియ్యాలి. అందులో స్కేలు 1:2,50,000 కాబట్టి అదే నేల రెట్టింపు పొడవున విప్పారి కనిపిస్తుంది. మబ్బుల్లో పరికరాలను నమ్ముకుని వెళ్లేవాళ్ల చార్టులు వేరు. 18,000 అడుగుల కిందికి ఒక రకం, పైకి ఇంకో రకం. వీటిలో ఏది నిజం అని ఏ పైలటూ అడగడు. ఎవరికి ఏది తగునన్నదే ప్రశ్న. మన వేదాంతుల అధికారి భేదం నాకు పుస్తకాల్లో కన్నా ఇక్కడే బాగా బోధపడింది.

అంతకన్నా చిక్కు ప్రశ్న మా బాబాయిది. రాజమండ్రిలో ఏళ్ల తరబడి తర్కం పాఠం చెప్పిన మనిషి. ఫోన్లో నా విమానం కబుర్లు వింటూ, "నువ్వెప్పుడూ చూడని టవరు అక్కడుందని ఎలా నమ్ముతావురా?" అన్నారు.

"చార్టులో ఉంది బాబాయ్."

"శబ్ద ప్రమాణమన్నమాట. చెప్పినవాడు ఆప్తుడేనా మరి?"

మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నిజం తెలుసుకునే నాలుగు దారులు, అంటే ప్రమాణాలు, చెప్పి, ఆప్తుడి మాటనే శబ్దమన్నాడు. ఆప్తుడెవరో అంతకు ఎన్నో శతాబ్దాల ముందే న్యాయసూత్ర భాష్యంలో వాత్స్యాయనుడు విడమరిచాడు. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి ఉండాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, ఉన్నదున్నట్టు తెలియజెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒకటేనని కూడా అన్నాడు. కనుక ఈ చార్టులు గీసే అమెరికా ప్రభుత్వ విమానయాన శాఖను కూడా ఈ గీటురాయి మీద గీసి చూడొచ్చు.

మొదటి లక్షణానికి నాకు గుర్తొచ్చేది, ఆ శాఖ మనిషి కాకపోయినా, ఎల్రీ జెప్పెసన్. 1930ల్లో టపా విమానాలు నడిపినవాడు. తోటి పైలట్లు దారితెన్నూ తెలియక ప్రాణాలు పోగొట్టుకుంటున్న రోజుల్లో కొండల ఎత్తులు, దిగడానికి వీలైన పొలాలు తానే చూసి నల్ల నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆ రాతలకే గిరాకీ పుట్టి, 1934 నుంచి పది డాలర్లకు అమ్మసాగాడు.

రెండోది దయ. సెక్షనల్ మీద ఒక్కో గడిలో పెద్ద అంకె ఒకటుంటుంది, ఆ గడి మొత్తంలో అన్నిటికన్నా ఎత్తయినది ఎంతో చెప్పేది. ఆ ఎత్తయినది కొండే అయితే దాని ఎత్తుకు కొలతలో దొర్లగల తేడా కలుపుతారు, ఇంకో 200 అడుగులు కలుపుతారు, ఆపైన వచ్చే వందకు పెంచుతారు. ఆ 200 ఎందుకంటే, అంతకన్నా పొట్టి కట్టడాలు సాధారణంగా చార్టుకెక్కవు. బాబాయ్ వెంటనే పట్టుకున్నారు: "దయ చూపబోయి ఉన్నదున్నట్టు చెప్పడం మానేశారుగా!" మానలేదు. ఎంత కలిపారో, ఎందుకు కలిపారో ఆ శాఖే బాహాటంగా ప్రకటించింది. లెక్క దాచిపెట్టి కలిపితే అది దయ కాదు, బెదిరింపు.

మూడోది ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక. దానికి గుర్తు గడువు. ఈ చార్టు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుందని దాని మీదే రాసి ఉంటుంది. ఒకప్పుడు సెక్షనల్ ఆరు నెలలకోసారి మారేది. 2021 నుంచి 56 రోజులకోసారి మారుతోంది. తన మాటకు ఎప్పుడు కాలం చెల్లుతుందో తానే చెప్పే వక్తను నేను ఎక్కువగా చూడలేదు.

ఇక్కడితో ఆగితే బాబాయ్ బాబాయే కాదు. న్యాయసూత్రాల్లో ఒక వాదముంది: మంత్రం, ఆయుర్వేదం కంటికి కనిపించే విషయాల్లో పనిచేస్తున్నాయి, చెప్పినవాళ్లు ఆప్తులు గనుక, అలాగే కనిపించని విషయాల్లోనూ వేదం ప్రమాణమే. "వేదమూ నీ చార్టు లాంటిదే. ఒప్పుకో," అన్నారు.

సగం ఒప్పుకున్నాను. హ్యూస్టన్ వైపు ఎప్పుడూ ఎగరకపోయినా హ్యూస్టన్ చార్టును నమ్ముతాను, డాలస్ చార్టు గీసినవాళ్లే దాన్నీ గీశారు గనుక. నమ్మకం కాగితం మీద కాదు, గీసినవాళ్ల మీద. నైయాయికుల మాట అంతవరకూ బలంగా నిలుస్తుంది. అయితే డాలస్‌ను బాగా గీశారు కదా అని వాళ్లు హ్యూస్టన్‌ను ఊహించి గీయలేదు. అక్కడి నేలనూ కొలిపించారు. అంటే మొదటి లక్షణం ప్రతి కొత్త ప్రాంతానికీ మళ్లీ తీరాలి. స్వర్గం గురించి, మరుజన్మ గురించి చెప్పినవాళ్లు అవి చూసి చెప్పారా అన్నది నా విమానంలోంచి తేలే ప్రశ్న కాదు.

బాబాయ్ చూశారనే అంటారు. నేను చూడలేదని అనను. ఆయన దాన్ని జ్ఞానమంటారు, నేను విశ్వాసమంటాను. రోజూ సంధ్య వార్చే ఆయన విశ్వాసం మీద నాకు గౌరవముంది. నాకు పేచీ వేరేవాళ్లతో: ఎక్కడ చూశారో చెప్పకుండా, ఎంత కలిపారో చెప్పకుండా, తమ మాటకు గడువే లేదంటూ జనం చేత దణ్ణాలు పెట్టించుకునేవాళ్లతో. వాళ్లను ఆప్తులని పిలవడానికి వాత్స్యాయనుడు కూడా ఒప్పుకోడు.