దృష్టియు, సమదృష్టియు

పూర్ణిమనాటి సాయంకాలమున చెట్లచాటునుండి పైకివచ్చు చంద్రబింబము ఎంతయో పెద్దదిగా గోచరించును. అర్ధరాత్రమున నడినెత్తికి వచ్చిన ఆ చంద్రుడే చిన్నవాడైనట్లు తోచును. ఈ కొద్ది గంటలలో చంద్రుడు కుంచించుకొని పోలేదు, దూరముగా తొలగిపోనును లేదు. నిజమునకు నడినెత్తినున్నప్పుడే అతడు చూచువానికి ఇంచుమించు భూవ్యాసార్ధమంత, అనగా సుమారు 6,400 కిలోమీటర్లు, దగ్గరగా నుండును. కొలిచి చూచినచో రెండువేళలందును బింబము ఆక్రమించునది దాదాపు అర డిగ్రీ మాత్రమే. చేయి చాచి పట్టిన చిటికెనవ్రేలి గోరు దానిని పూర్తిగా కప్పివేయును. మార్పు చంద్రునియందు లేదు. చూచువాని మనస్సు చేయు తీర్పునందే యున్నది. 11వ శతాబ్దిలో దృష్టిశాస్త్రముపై మహాగ్రంథమును రచించిన అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైతమ్ సైతము ఈ భ్రమను మనస్సు చేయు దూరనిర్ణయముతోనే ముడిపెట్టెను.

కన్ను తనంతట తాను దూరమును చూడజాలదు. కంటి లోపలి పొరపై పడు ప్రతిబింబమున పొడవు వెడల్పులు కలవు గాని లోతు లేదు. సుమారు 6 సెంటీమీటర్ల ఎడముతోనున్న రెండు కన్నులు ఒకే వస్తువును కొంచెము భిన్నముగా చూచును. ఆ భేదమునుండియే మనస్సు లోతును గ్రహించునని 1838లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చార్లెస్ వీట్‌స్టన్ నిరూపించెను. 1728లో లండను వైద్యుడు విలియం చెసెల్డెన్, ఊహ తెలియకముందే చూపు కోల్పోయిన యొక బాలునికి శస్త్రచికిత్స చేసి వృత్తాంతమును ప్రకటించెను. చూపు వచ్చిన క్రొత్తలో వస్తువులన్నియు తన కన్నులను తాకుచున్నవని ఆ బాలుడు భావించెను. చిన్న లాకెట్టులోని తండ్రి చిత్రమును చూచి, అంత పెద్ద ముఖము ఇంత చిన్నతావున ఎట్లిమిడెనని ఆశ్చర్యపడెను. కన్ను తెరచుకొన్నంతమాత్రమున చూడనేర్చినట్లు కాదు. దూరమును కొలుచుట మనస్సు నేర్వవలసిన విద్య.

ఈ విద్యవలన ఒక గొప్ప ఉపకారము కలుగుచున్నది. బడికి పోవు బిడ్డను తల్లి వీధిగుమ్మమున నిలిచి చూచుచుండును. బిడ్డ 10 అడుగుల దూరమునుండి 20 అడుగుల దూరమునకు పోవుసరికి ఆమె కంటిలోని ప్రతిబింబము సగమగును. 40 అడుగులకు నాలుగవవంతగును. అయినను బిడ్డ చిన్నవాడైపోయెనని తల్లి యెన్నడైన తలచునా? కన్ను తగ్గించి చూపినదానిని మనస్సు దూరమును లెక్కకు తెచ్చుకొని తిరిగి పూర్తి పరిమాణముతో గ్రహించుచున్నది.

రూపముల విషయమున ఇంతటి న్యాయము పాటించు మనస్సు, సుఖదుఃఖముల విషయమున ఆ లెక్కను మరచిపోవుచున్నది. తన కాలి ముల్లు పర్వతమంత. పొరుగింటి మరణము ఆవగింజంత. పనిమనిషి జ్వరముతో రాలేకపోయిన దినమున యజమానురాలికి తన యింటి అంట్లగిన్నెలే పెద్దవిగా కనబడును. ఆమె జ్వరము చిన్నదిగా తోచును. సూర్యుని వ్యాసము చంద్రుని వ్యాసమునకు సుమారు 400 రెట్లు. అయినను దగ్గరనున్న చంద్రుడు సంపూర్ణగ్రహణవేళ ఆ సూర్యుని మరుగుపరచుచున్నాడు. అట్లే 'నాది' అను అల్పబింబము దగ్గరనుండుటచేతనే పరుల మహాదుఃఖమును కప్పివేయుచున్నది.

ఈ గ్రహణమునకు మోక్షమును గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున సూచించెను. పరుల సుఖదుఃఖములను తనవాటితో సమానముగా చూచువానినే ఆయన పరమయోగిగా పేర్కొనెను. ఇదియే ఆత్మౌపమ్యము. తల్లి మనస్సు దూరమున నున్న బిడ్డ రూపమునకు చేయు దిద్దుబాటును, దూరమున నున్న ప్రతి ప్రాణి వేదనకును చేయుటయే ఈ యోగము.

అయితే, ఎంత తెలిసినను తన బాధయే పెద్దదిగా తోచుచున్నదే యని సాధకుడు నిరాశపడవచ్చును. అందుకు సమాధానము ఆ చంద్రునియందే యున్నది. కొలత తెలిసినవానికి సైతము ఉదయించు చంద్రుడు పెద్దవాడుగానే కనబడును; కాని అతడు దానిచే మోసపోడు. చంద్రుడొక్కడే యయ్యు ఇద్దరుగా తోచుటను శంకర భగవత్పాదులు అధ్యాసభాష్యమున దృష్టాంతముగా గ్రహించిరి. తోచినంతమాత్రమున రెండవ చంద్రుడు కలుగడు. కావున తోపు తొలగువరకు వేచియుండక, తెలిసినదానినిబట్టి నడచుకొనుటయే సాధన. అంట్లగిన్నెలు పెద్దవిగా కనబడుచున్నను ఆ యిల్లాలు వాటిని విడిచి, మందును గంజియు తీసికొని జ్వరపడినదాని గుమ్మము తొక్కినచో, ఆ దినమున ఆమె చూపు సరియైనదే యగును.

ఊయెలలోని శిశువు చంద్రునికై చేయి చాచును. చాచి, తడిమి, నడచి, పడి లేచి క్రమముగా దూరమును కొలువ నేర్చును. హృదయమునకును అట్టి అభ్యాసము కావలెను. దినమున కొక్కమారైనను ఇతరుని బాధయొద్దకు నడచిపోయినవానికి దాని నిజమైన పరిమాణము తెలియవచ్చును. అట్లు నడువగా నడువగా, ఇరువురియందును నున్న ఆత్మ యొక్కటే యని తెలిసిననాడు దూరమే యుండదు. దిద్దుకొనవలసిన కొలతయు నుండదు.