కరుణయు మమకారమును

భూతదయ గొప్ప ధర్మమని పెద్దలందరును చెప్పిరి. ఆపదలోనున్న ప్రాణిని ఆదుకొనుట పుణ్యమనుటలో ఎవ్వరికిని సందేహము లేదు. అయినను ఆదుకొన్న పిదప ఆ ప్రాణిపై మానవునకు గల హక్కు ఎంత? కాపాడితిమి గనుక అది మనదే యగునా? ఈ ప్రశ్నకు సమాధానము అంత సులభము కాదు.

భాగవతమందలి భరత మహారాజు చరిత్ర ఈ ప్రశ్ననే మన ముందుంచుచున్నది. రాజ్యమును, ఆలుబిడ్డలను విడిచి గండకీ నదీతీరమున తపస్సు చేసికొనుచున్న ఆ మహానుభావుని కన్నులయెదుట, నీరు త్రాగవచ్చిన నిండుచూలాలగు లేడి యొకటి సింహగర్జనకు బెదరి యేటికి అడ్డముగా దుమికెను. గర్భము జారి పిల్ల నీటిలో పడెను, తల్లి మరణించెను. భరతుడు ఆ పిల్లను ఒడ్డునకు చేర్చి ఆశ్రమమునకు కొనిపోయెను. అంతవరకు జరిగినది కరుణ. పిదప దానిని మేపుట, భుజములపై మోయుట, క్షణకాలము కానరాకున్న తల్లడిల్లుట నిత్యకృత్యములై జపము సన్నగిల్లెను, పూజ మరుగునపడెను. తుదకు దానినే తలచుచు ప్రాణములు విడిచి, ఆయన లేడియై జన్మించెను. సామ్రాజ్యమును తృణప్రాయముగా త్యజించినవాడు ఒక లేడిపిల్లను విడువలేకపోయెను.

భరతుడు ఆ పిల్లను నీటిలోనే వదలివేయవలసినదా? కాదు. అట్లు చేసియున్న ఆయన తపస్సునకు విలువయే లేదు. మరి దోషమెచ్చట? ఈ మర్మమును కన్నులార చూడగోరు యాత్రికునకు సముద్రమున కావల ఒక చోటు కలదు.

బోర్నియో ద్వీపమున, మలేషియాకు చెందిన సబా రాష్ట్రములో, సండకాన్ పట్టణమునకు సమీపమున సెపిలోక్ అను అరణ్యమున్నది. ఒరాంగుటాన్ వానరముల పునరావాస కేంద్రము అచ్చట 1964వ సంవత్సరమున ఏర్పడినది. దాదాపు 43 చదరపు కిలోమీటర్ల రక్షితారణ్యము దానికి ఆశ్రయము. మలయ్ భాషలో ‘ఒరాంగ్’ అనగా మనిషి, ‘హుటాన్’ అనగా అడవి. అడవిమనిషి యని పేరు పెట్టి పిలిచిన జీవిని మనిషియే నిరాశ్రయను జేసెను. అడవులు నరికి పామాయిలు తోటలు వేసినందున కొన్ని, పెంపుడు జంతువులుగా అమ్ముకొనుటకై తల్లులను చంపి పిల్లలను పట్టినందున కొన్ని అనాథలైనవి. 2016లో బోర్నియో ఒరాంగుటాన్ అంతరించు ప్రమాదము మిక్కుటముగా గల జాతులలో చేర్చబడినది. ప్రపంచమున పామాయిలును అత్యధికముగా దిగుమతి చేసికొను దేశము భారతదేశమే. కావున ఈ పాపము పరదేశములకే పరిమితమని మన వంటిండ్లు చెప్పుకొనజాలవు.

ఈ కేంద్రమునకు చేరిన పసికూనను మొదట వేరుగా నుంచి, వ్యాధులున్నవేమో పరీక్షింతురు, పాలు పట్టుదురు. అంతటితో ఆగినచో అది భరతుని ఆశ్రమమే యగును. కాని అసలు పని అటుపిమ్మటనే మొదలగును. అడవిలో ఒరాంగుటాన్ తల్లి తన బిడ్డను ఆరేడేండ్లు వెంటబెట్టుకొని, కొమ్మలు పట్టుకొనుట, ఏ పండు తినదగినదో గుర్తించుట, రాత్రికి ఆకులతో కొమ్మలతో పడక అల్లుకొనుట నేర్పును. తల్లి నేర్పవలసిన ఆ విద్యను ఇచ్చట సంరక్షకులు నేర్పవలసియున్నది. త్రాళ్లపై ఎక్కించెదరు, పెద్దవాటి సాంగత్యములో చిన్నవాటిని విడిచెదరు. క్రమక్రమముగా తమ చేతిని వెనుకకు తీసికొందురు.

అడవిలో చెట్లనడుమ నొక వేదికపై ప్రతిదినము రెండుమార్లు ఆహారముంచుదురు. ఆ ఆహారములో రుచుల వైవిధ్యముండదు. ఇది లోభము వలన కాదు. విసుగు పుట్టి అవి తమ పండ్లను తామే వెదకికొనవలెనను తలంపు వలన. దూరదేశములనుండి వచ్చిన యాత్రికులు దూరముగా నిలిచి, వానరములు ఎప్పుడు వచ్చునాయని ఎదురుచూతురు. వానిని తాకరాదు, మనుష్యుల జలుబు సైతము వానికి సోకి ప్రాణాంతకము కావచ్చును. ముద్దుగొలుపు ఆ ముఖమును చూచి చేయి చాపబోవు యాత్రికునకు తెలియవలసినది, చేయి చాపకుండుటయే అచ్చట దయ యని.

అడవిలో పండ్లు విరివిగా కాచిన దినములలో వేదికకు వచ్చు వానరములు తగ్గిపోవును. అట్టి దినమున యాత్రికుడు నిరాశతో వెనుదిరుగును. కాని ఖాళీయైన ఆ వేదికయే కేంద్రము యొక్క విజయము. అతని నిరాశయు, ఆ ప్రాణి యొక్క స్వాతంత్ర్యమును ఒకే సంఘటనకు రెండు ముఖములు. దేనిని చూచి సంతోషింపవలెనో తెలిసికొనుటయే వివేకము.

విడిచిన ప్రాణికి ప్రమాదము లేదా యని కొందరు శంకింతురు. నిశ్చయముగా కలదు. అడవిలో ఆకలియు, రోగమును, గాయమును కలవు. బోనులో సుఖముగా నున్నదానిని అచ్చటికి పంపుట క్రూరత్వము కాదా? పెంచినవాని హృదయము నుండి వెడలు ఈ ప్రశ్నలో ప్రేమయు కలదు, భయమును కలదు. కాని తన భయమును తీర్చుకొనుటకై పరుల జీవనమును బంధించుట ప్రేమ యనిపించుకొనదు. ఏ ప్రాణికి భగవంతుడు ఏ స్థానమునిచ్చెనో ఆ స్థానమునకు దానిని తిరిగి చేర్చుట సేవ. దాని స్థానమును తన యొడిగా మార్చుకొనుట మమకారము.

భరతుని దోషము ఇచ్చటనే స్పష్టమగుచున్నది. లేడిపిల్లను ఎత్తుకొనుట దోషము కాదు. దింపవలసిన వేళ దింపలేకపోవుట దోషము. ఈ దోషము అడవులకే పరిమితమైనది కాదు. ఎదిగిన కుమారుడు తమ సలహా లేకయే చక్కగా నడచుకొనుచుండగా నొచ్చుకొను తల్లిదండ్రులు, శిష్యుడు తన్ను మించగా ఓర్వలేని గురువు, దానము పుచ్చుకొన్నవాడు ఎల్లకాలము చేయి చాచియే నిలువవలెనని లోలోన కోరు దాత, వీరందరును లేడిపిల్లను మోయుచున్నవారే. ‘నా అవసరము ఇక లేదు’ అను మాటను బాధతో గాక ఆనందముతో పలుకగలిగిన దినమున వారి సేవ సఫలమగును.

ప్రాణులన్నియు ఆ పరమాత్మునివి. మన చేతికి వచ్చినవి కొంతకాలము కాపాడుటకు అప్పగింపబడినవి మాత్రమే. అప్పగించిన సొమ్మును భద్రముగా తిరిగి యిచ్చుట నమ్మకస్తుని ధర్మము. కొమ్మలనడుమ అదృశ్యమగుచున్న ప్రాణి వెనుదిరిగి చూడకున్నను, కృతజ్ఞత చూపకున్నను, దానిని కాచిన చేతులు జోడింపబడి నిలిచినచో, ఆ నమస్కారమే పూజ.