సగం చెరిగిన బొట్టు

అమ్మ పోయిన ఏడాదికి అమలాపురం దగ్గర మా ఊళ్లో ఇల్లు ఖాళీ చేశాం. సామాను పంచుకోవడంలో పెద్ద తగువేమీ రాలేదు. వంటింటి అలమరలో ఉన్న డొక్కా సీతమ్మగారి బొమ్మ మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. తలా భుజాలూ గుండెల దాకా ఉన్న, అడుగెత్తు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ అది. 1970ల చివర్లో నాన్న కొత్తపేట నుంచి తెచ్చారు. 1996 నవంబరు 6న తుపాను రాత్రి అలమరతో సహా పడిపోయి ఎడమ భుజం, ముక్కు కొస విరిగాయి. భుజాన్ని అమ్మే ఏదో జిగురుతో అతికించింది. ముక్కు అలాగే ఉండిపోయింది. ఏటేటా వేసిన ఎనామిల్ రంగు పేరుకుపోయి కళ్లూ పెదవులూ పూడిపోయాయి.

నేను తీసుకుంటానన్నాను. "బాగుచేసి పెట్టుకుంటాను" అన్నాను. ఆ "బాగుచేయడం" అనే మాటకి అర్థమేమిటో అప్పుడు ఆలోచించలేదు.

సీతమ్మ (1841-1909) మండపేటలో పుట్టి, కాపురానికి లంకల గన్నవరం వచ్చింది. వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరి మీదుగా వచ్చేపోయే బాటసారులకి, ఏ వేళ వచ్చినా, ఏ కులం వాళ్లయినా అన్నం పెట్టిందని కోనసీమలో పిల్లలకి కూడా తెలుసు. వైనతేయ మీద కొత్త అక్విడక్టుకి ఆమె పేరే పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరు పెట్టింది.

ఆమె గురించి అందరూ చెప్పుకునే కథ ఇంకొకటుంది. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక సంబరానికి ఆమె ఫొటో పంపమని కలెక్టరుకు ఉత్తర్వు వచ్చిందట. ఆమె ఒప్పుకోలేదట. తన ఉద్యోగం పోతుందని కలెక్టరు బతిమాలితే, ఆయన కోసం కూర్చుందట. ఈ కథని ఆమె కీర్తికి నిదర్శనంగా చెబుతారు. నాకు మాత్రం అందులో ఆమె "వద్దు" అనడమే వినిపించేది. ఆమె బొమ్మలు చేసేవాళ్లందరికీ ఆధారం ఆ వద్దన్న ఫొటోయే. అందులో రంగులు లేవు. ఒంటి ఛాయ ఏమిటో, చీర ఏ రంగో అది చెప్పదు. మిగతాదంతా మనం వేసిన పూతే.

"అన్నపూర్ణ" అన్నది ఆ పూతల్లో అన్నిటికంటే మందమైనది. రోజూ వందలమందికి వండడమంటే ఎంత చాకిరీ! వడ్లు దంచినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, అరిటాకులు కోసినవాళ్లు, ఎంగిలి ఎత్తినవాళ్లు ఎవరు? వాళ్లకి బొమ్మల్లేవు. దేవతని చేస్తే ఆమె నడుంనొప్పిని కూడా లెక్కలోంచి తీసేయొచ్చు. తరగతిలో ఈ మాటలే చెబుతూ ముప్పై ఏళ్లు గడిపాను. అందుకే బొమ్మ చేతికి రాగానే పూతలన్నీ తీసేసి అసలు సీతమ్మని బయటికి తేవాలనుకున్నాను.

రాజోలులో చెల్లెలి ఇంటి వరండాలో పని మొదలుపెట్టాను. ఎనామిల్ లోపలి చెమ్మని బయటికి పోనివ్వదు. మా సీమలో గాలిలోనే తడి. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల ప్లాస్టర్ పొడి అయిపోతుంది. కాబట్టి పూతలు తీయడం బొమ్మ ఆరోగ్యానికి కూడా అవసరమే. థిన్నరులో ముంచిన దూదితో అద్ది, మెత్తబడ్డాక పుల్లతో తీస్తూ, మొండికేసిన చోట బ్లేడుతో గీకాను. బుగ్గ మీద పసుపుపచ్చ కింద గులాబి, దాని కింద గోధుమరంగు. బుగ్గ పక్కన ఒకచోట అట్టడుగు దాకా వెళ్లాను. శిల్పి వేసిన మొదటి రంగు పల్చటి మట్టిఛాయ. నుదుటి పైభాగంలో కూడా అదే తేలింది. ఇక మధ్యలో బొట్టు. పెద్దది, కాసంత. సగం గీకేసరికి కింద ఇంకో ఎరుపు, దాని కింద మరొకటి.

చెల్లెలు కాఫీ తెచ్చి పక్కన నిలబడింది.

"అక్కా, బొట్టు తీసేస్తున్నావా?"

"అసలు బొమ్మకి బొట్టు లేదే. అడుగున చూడు, ఉట్టి నుదురే."

"లేదు. నాన్న పోయాక కదా అమ్మ పెట్టడం మొదలెట్టింది. ప్రతి దసరాకీ మొహానికి రంగేసి, ఆరాక ఉంగరం వేలితో దిద్దేది. ఎవరూ లేనప్పుడు. నేను చూశానని తనకి తెలీదు."

బ్లేడు కింద పెట్టేశాను.

నాన్న 1988లో పోయారు. పదో రోజున అమ్మ నుదురు తుడిచినవాళ్లలో మా మేనత్తలున్నారు, పక్కింటి పిన్నిగారున్నారు. నేనూ ఆ గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అప్పటికే నేను బొట్టు మానేసి రెండేళ్లు. పెళ్లికి గుర్తుగా మోసే దేన్నీ ఒంటి మీద ఉంచుకోకూడదని మా స్నేహితురాళ్లం అనుకున్నాం. అందుకని, పోతే పోయింది, అదొక సంకెల అనుకున్నాను. నాకు తీసేయడం స్వేచ్ఛ కాబట్టి అమ్మకీ పెద్ద నష్టం లేదనుకున్నాను. ఆ మాట ఆవిడని ఒక్కసారి కూడా అడగలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం గురించి ఏటేటా పాఠం చెప్పాను. అదే గోదావరి పాయల మధ్య, మా వంటింట్లో, ఒక వితంతువు తలుపు దగ్గరికి వేసుకుని ఒక బొమ్మ నుదుట తన బొట్టు దిద్దుకుంటోందని తెలుసుకోలేదు.

ఇప్పుడు నిజాయితీ పేరుతో, చరిత్ర పేరుతో, రెండోసారి ఆవిడ బొట్టు చెరుపుతున్నది నేను.

అయితే ప్రశ్న అక్కడితో తేలిపోలేదు. తన బొమ్మే వద్దన్న మనిషి నుదుటిని అమ్మ తన అవసరానికి వాడుకోవచ్చా? ప్రభుత్వం వాడుకుంటే తప్పు, మా అమ్మ వాడుకుంటే ముద్దా? చాలా రోజులు ఇదే ఆలోచించాను. తేడా ఉందనే అనిపిస్తోంది. అమ్మ ఆ బొట్టుని చూపించి ఎవరి మీదా పెత్తనం సంపాదించలేదు. సీతమ్మ ఇలాగే ఉండేదని ఎవరితోనూ వాదించలేదు. కానీ తేడా ఉన్నంత మాత్రాన సీతమ్మ "వద్దు" చెల్లకుండా పోదు. దానికి అమ్మా నేనూ ఇద్దరం బాకీపడే ఉన్నాం.

అసలుని బయటికి తేవడమన్న నా ఆలోచన కూడా అంత గట్టిదేమీ కాదు. గ్రీకు పాలరాతి విగ్రహాల తెల్లదనాన్ని శతాబ్దాల పాటు స్వచ్ఛమైన అందమని పూజించారు. వాటికి ఒకప్పుడు ముదురు రంగులుండేవని, 2003లో మ్యూనిక్‌లో మొదలైన ప్రదర్శనలో రంగులద్దిన నకళ్లు పెట్టి చూపిస్తే జనం నివ్వెరపోయారు. మన గ్రామదేవతలకి జాతరముందు కొత్త రంగు వేయకపోతే అపచారం. అక్కడ పాత పూత ఏదని ఎవరూ అడగరు. 2012లో స్పెయిన్‌లోని బోర్హా అనే ఊళ్లో, ఎనభై దాటిన సెసీలియా హిమేనెజ్ చర్చి గోడ మీద పెచ్చులూడుతున్న క్రీస్తు ముఖాన్ని బాగుచేయబోతే బొమ్మ గుర్తుపట్టలేకుండా మారిపోయింది. ప్రపంచమంతా నవ్వింది. పని చెడింది నిజమే. కానీ అన్నేళ్లుగా ఆ గోడ పాడవుతుంటే బాధపడి కుంచె పట్టుకున్నది ఆవిడే కదా అని, ఆ నవ్వులో నేనూ ఉన్నాక చాలాకాలానికి తోచింది.

విరిగిన ముక్కు పట్టుకుని కొత్తపేట వెళ్లాను. రాష్ట్రంలో కూడళ్లలో నిలబడ్డ విగ్రహాలెన్నో పుట్టిన ఊరది. ఒక శిల్పశాలలో ముసలి పనివాడు బొమ్మని తిప్పి చూసి, "గీక్కుంటా పోతే ఏం మిగుల్తాదండీ, సుద్దేగా. ఆయ్" అన్నాడు. ముక్కు తను చేస్తానన్నాడు గాని, ఎలా కలపాలో చూపించమని నేనే నేర్చుకున్నాను.

ఇటలీ పండితుడు చేజరే బ్రాండి 1963లో అచ్చయిన తన పుస్తకంలో ఒక నియమం చెప్పాడు: అతుకు దూరం నుంచి కంటికి అడ్డు రాకూడదు, దగ్గరికొచ్చి చూసినవాళ్లకి అతుకని తెలియాలి. చిత్రాల గురించి చెప్పిన ఈ మాట నాకు నీతిసూత్రంలా కనిపించింది. చరిత్ర రాసేవాళ్లం, పాత రచయిత్రుల్ని వెలికితీసి ముందుమాటలు రాసేవాళ్లం, మన చెయ్యి కనపడకుండా చేసి "ఇదే అసలు" అంటున్నామేమో.

ముక్కు కొస కొత్త ప్లాస్టర్‌తో పూరించాను, రంగు వేయలేదు. నేను గీకిన బుగ్గ గీకినట్టే ఉంది. మిగతా పూతలు అలాగే వదిలేశాను. ప్లాస్టర్‌కి మంచిది కాదని తెలుసు. ఆ బొమ్మ నా కంటే ఎక్కువకాలం ఉండాలన్న పట్టుదల ఇప్పుడు లేదు. బొట్టు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. చెల్లెలు "పూర్తిగా దిద్దెయ్యి అక్కా" అంది. దిద్దాను. నేను చెరిపిన సగాన్ని, అమ్మ ఎరుపు కంటే ఒక పాలు లేత ఎరుపుతో, ఉంగరం వేలితోనే.

తర్వాత బొమ్మ వెనక పెన్సిలుతో నాలుగు ముక్కలు రాశాను. బొమ్మ కొత్తపేటలో చేసింది, రంగులూ బొట్టూ అమ్మవి, చెరిపిన సగం నాది. సీతమ్మగారు ఫొటో వద్దన్నారని చెప్పుకుంటారు. ఈ చివరి వాక్యాన్ని ముందు రాయాల్సింది. చోటు సరిపోక కింద పడింది.