కిస్తు ఆమెది, కాగితం అతనిది

మా ఊరి పేరులోనే ఇల్లుంది. హవేలి అంటే ఉర్దూలో పెద్ద ఇల్లు. మెదక్ పట్టణం పక్కనే ఉన్న మా హవేలిఘనపూర్ 2016లో జిల్లాలు పెంచినప్పుడు మండల కేంద్రమైంది. ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ‘డైట్’ ఉన్న ఊరు కాబట్టి జిల్లాలో పంతుళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన ఊరే. మా ఖాలా కూతురు, నాకు ఆపా, ఆ సంస్థలోనే చదివి టీచరైంది. పేరులో ఇల్లున్న ఈ ఊళ్లో ఆమెకు ఇల్లుందా లేదా అన్న పంచాయితీ రెండేళ్లు నడిచింది. ఆ రెండేళ్లలో నేను నేర్చుకున్నది రాయాలని కూర్చున్నాను. అంతకంటే ముందు నేను చేసిన తప్పు రాయాలి.

2011లో ఆపా, దుల్హేభాయ్ ఇక్కడ ఇల్లు కట్టారు. జాగకు కొంత ఆయన దాచుకున్న డబ్బు, కొంత ఆపా నగలు. రిజిస్ట్రేషన్ ఆయన పేరున అయింది. ఇల్లు కట్టడానికి బ్యాంకు 14 లక్షలు ఇచ్చింది. ఇరవై ఏళ్ల గడువు, నెలకు 14 వేల కిస్తు. అప్పటికి ఆపా ప్రైవేటు బడిలో చెప్పేది. జీతం చీటీ లేని మనిషి సంతకం బ్యాంకుకు అక్కర్లేకపోయింది. మగాడుండగా ఆడదాని పేరున అప్పేమిటని ఇంట్లోవాళ్లకూ అనిపించింది. కాబట్టి జాగ ఆయనదే, అప్పూ ఆయనదే.

2012 డీఎస్సీలో ఆపాకు సర్కారు ఉద్యోగం వచ్చింది. 2014లో ఆయన పని పోయింది. ఆ నెల నుంచి కిస్తు ఆపా కట్టింది. ఎనిమిదేళ్లు కట్టింది. లెక్క వేస్తే 13 లక్షల పైచిలుకు. 2022లో ఖులా అయింది. ఇద్దరు పిల్లలూ ఆమె దగ్గరే ఉన్నారు. ఆయన హైదరాబాదుకు వెళ్లిపోయాడు. బ్యాంకుకు ఇంకా పది లక్షల దాకా బాకీ ఉంది.

ఆపా అడిగింది ఒక్కటే. “మిగిలిన అప్పు నా పేరున రాయించుకుంటాను. ఇల్లు కూడా నా పేరున రాయండి.”

ఆ ఇంట్లోనే, ఆమె వేసిన చాప మీద కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ తాగుతూ పెద్దమనుషులు మాట్లాడారు. దుల్హేభాయ్ అన్న అడిగాడు: “నీ పేరున కాగజ్ ఏదైనా ఉందా?” అందరూ నావైపు చూశారు. పేపర్‌లో పనిచేసేవాణ్ణి, నాలుగు చట్టాలు తెలిసినవాణ్ణి. నేనన్నాను: “ఆపా, చట్టం ముందు కాగితమే కదా.”

ఆమె నన్ను చూసి అడిగింది. “రెండేళ్ల కింద మెదక్‌ల మీటింగ్ పెట్టినప్పుడు నువ్వు ఏం మాట్లాడినవ్ తమ్మీ?”

నాకు నోట మాట రాలేదు. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఆ చలికాలమంతా మనం వీధుల్లో ఉన్నాం. తాతల సమాధులు ఈ మట్టిలో ఉన్నాయి, మా చెమట ఈ నేలలో ఇంకింది, కాగితం లేనంత మాత్రాన మనిషి పరాయివాడవుతాడా అని అడిగాం. నేనూ మైకు పట్టుకుని అడిగాను. సర్కారును అడిగిన ఆ ప్రశ్ననే ఒక ఆడమనిషి తన ఇంట్లో మనల్ని అడిగితే, మనం సర్కారు వేసిన ప్రశ్నే తిరిగి ఆమెకు వేశాం. కాగజ్ ఏదీ?

ఈ వ్యాసానికి మూలం అదే. ఒక ఇంటిని ఎవరిదిగా చేసేది ఏది? పేరా, మోసిన భారమా?

మన రెండు భాషలూ ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పాయి. తెలుగులో భార్యను ఇల్లాలు అంటాం. ఉర్దూలో ఘర్‌వాలీ అంటాం. రెండు మాటల్లోనూ ఇల్లు ఆమెతోనే ఉంది. మాటలో ఇచ్చి పట్టాలో తీసేసుకున్నాం. ఖులా అయిన నాడు ఆ మాట కూడా పోయింది. ఇక ఆమె ఆ ఇంట్లో కూర్చున్న పరాయి మనిషి.

నేను ఆపాతో బ్యాంకుకు వెళ్లాను. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. ఉన్నమాట చెప్పాడు. “మేడమ్, కట్టడానికి ఎవరైనా కట్టొచ్చు. కానీ లోన్ మీది కాదు.” ఎంత బాకీ ఉందో కాగితం మీద ఇవ్వమంటే, లోన్ ఉన్నాయన రావాలన్నాడు. డబ్బు తీసుకోవడానికి ఆమె ఎవరో అక్కర్లేదు. లెక్క చెప్పడానికి మాత్రం ఆమె ఎవరూ కాదు. ఆదాయపు పన్నులో ఇంటి అప్పు మీద వచ్చే రాయితీ కూడా యజమానికే గాని కట్టినవాళ్లకు కాదు.

దీని వెనక ఉన్న చట్టాన్ని ఊరికే తిట్టి లాభం లేదు, తెలుసుకోవాలి. ఇంటి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు అసలు దస్తావేజులు తన దగ్గర పెట్టుకుంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దీన్ని కూడా తనఖాగానే గుర్తిస్తుంది. అప్పు అనేది ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య ఒప్పందం. మొగుడూ పెళ్లాం తమలో తాము మాట్లాడుకుని దాన్ని ఒకరి నెత్తి నుంచి మరొకరి నెత్తికి మార్చలేరు. ఇచ్చినవాడు ఒప్పుకుని పాత ఒప్పందం తీసేసి కొత్తది రాయాలి. ఆచరణలో దారి ఒకటే. ఆమె జీతం మీద ఆమె పేరున కొత్త అప్పు పుట్టాలి, దానితో పాతది తీరాలి, ఆయన ఇంటిని రిజిస్టర్డ్ దస్తావేజుతో ఆమెకు రాసివ్వాలి. ఆయన సంతకం లేకుండా ఇందులో ఒక్క అడుగూ పడదు.

దుల్హేభాయ్ వైపు నుంచి కూడా చూడాలి, లేకపోతే న్యాయం మాట్లాడే హక్కు మనకు లేదు. కాగితంలో పేరున్న మనిషి బందీ కూడా. ఆపాకు జబ్బు చేసి మూడు నెలలు కిస్తు ఆగితే అప్పు మొండి బాకీ ఖాతాలోకి పోతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు ఆయన పేరునే వస్తుంది. ఈ అప్పు నెత్తిన ఉండగా మరో అప్పు పుట్టడం కష్టం. “నేను కట్టుకుంటాలే” అని ఆమె అంటే ఆయనకు విముక్తి రాదు. “ఇల్లు నీదేలే, ఉండు” అని ఆయన అంటే ఆమెకు ఇల్లు రాదు. నోటిమాట ఇద్దర్నీ ఉరితాడులా బిగిస్తుంది. అప్పు పేరు మారడం ఇద్దరికీ అవసరం.

అప్పుడు దీన్‌ను అడ్డం తెచ్చారు. మస్జిదులో నమాజు తర్వాత ఒక పెద్దాయన, మంచి మనసుతోనే, ఆపాకు చెప్పమని నాతో అన్నాడు: “వడ్డీ అప్పు హరామ్. ఆ పాపం ఆమె ఎందుకు నెత్తిన వేసుకోవాలి?” వడ్డీ సంగతి నేను దాటవేయను. విశ్వసించేవాళ్లకు అది నిజమైన బాధ. కానీ 2011లో దుల్హేభాయ్ ఆ అప్పు తీసుకున్నప్పుడు ఈ మాట ఎవరన్నారు? గృహప్రవేశం దావత్‌లో బిర్యానీ తిన్నవాళ్లలో ఎవరికి గుర్తొచ్చింది? ఎనిమిదేళ్లు ఆమె జీతంలోంచి ఆ వడ్డీ పోతున్నప్పుడు పాపం ఎవరి ఖాతాలో పడింది? కట్టేటప్పుడు లేని హరామ్ హక్కు అడిగేటప్పుడే వస్తే, అది దీన్ మాట కాదు, మగవాడి మాట.

దీన్‌లో ఉన్నదే చూద్దాం. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అప్పుల గురించి. అప్పు చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోమని సూరా బఖరాలో ఉంది. ఆ ఆయతులోనే ఒక మగవాడికి బదులు ఇద్దరు ఆడవాళ్ల సాక్ష్యం మాట ఉంది. మనవాళ్లకు ఆ ముక్క కంఠస్థం. రాయమన్న ముక్క మాత్రం గుర్తుండదు. స్త్రీ సంపాదన స్త్రీదే అని సూరా నిసా చెబుతుంది. సంసారం పోషించే బాధ్యత భర్తదన్నారు గాని భార్యది అనలేదు. అలాంటప్పుడు ఆపా కట్టిన కిస్తులు ఆమె విధి కాదు. అవి ఆమె సొత్తు.

“ఖులా తీసుకున్నది ఆమే కదా, వదులుకోవాల్సిందే” అన్నారు ఇంకొందరు. ఖులాకు అందరూ చూపించే ఉదాహరణ సాబిత్ బిన్ ఖైస్ భార్యది. ఆమె విడిపోతానంటే, అతను మెహర్‌గా ఇచ్చిన తోటను తిరిగి ఇచ్చేయమన్నారు ప్రవక్త (స). అతను ఇచ్చినదాన్ని ఇమ్మన్నారు. ఆమె సొంత సంపాదన ఇమ్మనలేదు. ఆపా మెహర్ వదులుకుంది. ఇల్లు కూడా వదులుకోమంటే అది ఖులా కాదు, విడుదల కోసం కట్టించుకునే జరిమానా. ఖులాకు భర్త అంగీకారం అక్కర్లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. సంబంధం నుంచి బయటపడటానికి అతని సంతకం అక్కర్లేదు. ఇంటి కోసం మాత్రం అతని సంతకం చుట్టూ తిరగాలి.

ఒకరి అప్పు ఇంకొకరు నెత్తికెత్తుకోవడాన్ని ఫిఖ్‌లో హవాలా అంటారు. ఇప్పుడు దొంగ డబ్బుకు వాడుతున్నాం గాని అది గౌరవమైన మాట. మూడు దీనార్ల బాకీతో చనిపోయిన ఒక మనిషి జనాజా వచ్చినప్పుడు నమాజు చదివించడానికి ప్రవక్త (స) వెనకాడారు. ఆ బాకీ నాది అని అబూ ఖతాదా ముందుకు వచ్చాకే చదివించారు. అప్పు పుచ్చుకోవడం అంత బరువైన పని. చచ్చినవాడి అప్పు మోసినవాడికి ప్రతిఫలం అల్లా దగ్గర ఉంది. కానీ ఇంటి అప్పుకు ఈ లోకంలోనే ఇల్లుంది. నష్టం వస్తే ఎవరు భరిస్తారో లాభం వారిదే అన్నది ఫిఖ్‌లో పాత సూత్రం. ఆ సూత్రాన్ని వ్యాపారంలో ఒప్పుకుని వంటింటి గడప దగ్గర ఆపేశాం.

ఇది బురఖా వెనక జబ్బు అని చదువుతున్న లౌకిక మిత్రులు అనుకోవద్దు. విడాకుల తర్వాత భర్త పేరున ఉన్న ఇంట్లో భార్యకు ఇంత భాగం అని చెప్పే ఉమ్మడి ఆస్తి చట్టం మన దేశంలో హిందూ స్త్రీకీ లేదు. గోవాలో పోర్చుగీసు వాళ్ల 1867 నాటి సివిల్ కోడ్ వల్ల ఉంది. 1988 నాటి బినామీ చట్టం భర్త భార్య పేరున కొనడాన్ని మినహాయించింది. భార్య డబ్బుతో భర్త పేరున కొనడం దాని ఊహకే రాలేదు. 2016 సవరణలో గాని ఆ మాట ‘జీవిత భాగస్వామి’గా మారలేదు. అదే సమయంలో ముస్లిం దేశాలు వెనకబడ్డాయనే వాళ్లకు ఒక మాట. ఇండోనేషియా 1991లో కూర్చిన ఇస్లామిక్ చట్ట సంకలనం, పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తిలో విడిపోయిన భార్యకూ భర్తకూ చెరి సగం అంటుంది. మలేషియా షరియా కోర్టులు కూడా కలిసి సంపాదించినదాన్ని పంచుతాయి. అక్కడి ముస్లిములు మనకంటే తక్కువ ముస్లిములా?

మన దగ్గర షాబానో నుంచి మాట్లాడుతున్నదంతా భరణం గురించే. 1985 తీర్పు, 1986 చట్టం, 2001లో డానియల్ లతీఫీ తీర్పు, తెలంగాణ నుంచే వెళ్లిన కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పిన మాట, అన్నీ భరణమే. అవి కావలసినవే. కానీ భరణం వేరు, భాగం వేరు. భరణం అడిగే ఆడమనిషి మీద జాలి చూపించవచ్చు. భాగం అడిగే మనిషికి లెక్క చెప్పాలి. మనకు జాలి సులువు, లెక్క కష్టం.

చివరికి నేను చేయగలిగిన పరిహారం ఒక్కటే చేశాను. ఒక ఠావు తీసుకుని లెక్క రాశాను. జాగలో ఆయన పెట్టిన సొమ్ము, మొదటి మూడేళ్లు ఆయన కట్టిన 5 లక్షల కిస్తులు ఒకవైపు. ఆపా నగలు, ఎనిమిదేళ్ల కిస్తులు, ఖులా తర్వాత పిల్లల ఖర్చు ఒకవైపు. హైదరాబాదు వెళ్లి దుల్హేభాయ్ ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. “ఇంత కట్టిందా?” అన్నాడు. ఎనిమిదేళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషికి ఆ సంఖ్య అప్పుడే కనబడింది. ఆయన వంతు ఎంతో తేల్చి ఆపా ఇచ్చింది. 2024లో ఆమె పేరున కొత్త అప్పు పుట్టింది. ఆయన వచ్చి సంతకం పెట్టాడు. ఆ రోజు రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఇద్దరూ ఒకరికొకరు సలాం చెప్పుకున్నారు. ఖులా నాడు చెప్పుకోలేదు.

దస్తావేజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. అప్పు తీరిన 30 రోజుల్లో బ్యాంకు వాటిని తిరిగి ఇవ్వాలని, లేకపోతే రోజుకు 5 వేల చొప్పున పరిహారం కట్టాలని రిజర్వు బ్యాంకు 2023లో చెప్పింది. ఆ రోజు రావడానికి ఇంకా ఏళ్లున్నాయి. “ఇంకా అప్పులోనే ఉన్నావు కదా ఆపా” అంటే ఆమె అన్నది: “అప్పే. కానీ ఇప్పుడు అడిగితే బాకీ ఎంతుందో నాకు చెప్తరు.”

ఇది చదివే మగవాళ్లకు, ముందుగా నాకు, ఒక పని ఉంది. విడిపోయే దాకా ఆగక్కర్లేదు. ఈ రాత్రే ఇంట్లో ఉన్న కాగితాలు తీసి, కడుతున్నది ఎవరు, పేరున్నది ఎవరిది అని చూడండి. సర్కారు మనల్ని కాగితం అడిగినప్పుడు మన గొంతులో ఉన్న బాధ నిజమైనదే అయితే, మన ఇంటి ఆడవాళ్లను కాగితం అడగాల్సిన అవసరం రాకుండా రాసి ఇవ్వాలి.